బీఓఎంలో 0603 కాస్తా 603 అయితే: సమస్య - పరిష్కారం

లక్షణం: మీ ఓపెన్ హార్డ్‌వేర్ ప్రాజెక్టు ఫైళ్లు దించుకుని సర్క్యూట్ బోర్డు చేయించబోయినవాళ్లు బీఓఎం (బోర్డుకి కావాల్సిన విడిభాగాల జాబితా) చూసి "ప్యాకేజీ 603 అని ఉంది, అదేంటి?" అని అడుగుతారు (ప్యాకేజీ అంటే విడిభాగం సైజు, 0603 దాని కోడ్). లేదా మీరు 1.10 వెర్షన్ విడుదల చేస్తే మెటాడేటాలో (ప్రాజెక్టు పేరు, వెర్షన్ లాంటి వివరాలుండే ఫైల్‌లో) 1.1 అని కనిపిస్తుంది.

మొదట చూడాల్సింది: ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. దయచేసి ఎక్సెల్‌లో తెరవకండి. ఈ ఒక్క పని చేయకుండా కీక్యాడ్‌ని (సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌ని) మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు, లైబ్రరీలన్నీ మార్చేసేవాళ్లు ఎంతమందో! స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) 0603 ఉండి సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్‌లో) 603 ఉంటే కీక్యాడ్ తప్పేమీ లేదు.

అసలు కారణం: సీఎస్‌వీలో ఏది సంఖ్య, ఏది పేరు అని చెప్పే వీలు లేదు. అందుకని ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది. 0603లో ముందున్న సున్నా తీసేస్తుంది, 12E4 లాంటి పార్ట్ నంబర్‌ని లక్షా ఇరవై వేలుగా మారుస్తుంది. కోట్స్ పెట్టినా వినదు. చూసి మూసేస్తే ఫర్వాలేదు. ఎవరో ఒక గడిలో ధర సరిచేసి సేవ్ కొడితే మాత్రం, వాళ్లు ముట్టుకోని వరుసలు కూడా మారిపోతాయి. అందుకే ఇది వెంటనే పట్టుబడదు.

మెటాడేటా లాంటివి రాసుకునే యామల్ ఫార్మాట్‌లో ఇంకా టెన్షన్. పాత యామల్ 1.1 నిబంధనలు పాటించే పైయామల్ లాంటి పైథాన్ లైబ్రరీ, కోట్స్ లేని 0402ని ఆక్టల్ (0 నుంచి 7 వరకు అంకెలే ఉండే లెక్క) అనుకుని 258గా చదువుతుంది. 0603 అయితే 387. ఆక్టల్‌లో 8 ఉండదు కాబట్టి 0805 మాత్రం క్షేమంగా ఉంటుంది. కొన్ని వరుసలు సరిగ్గా, కొన్ని తప్పుగా కనిపిస్తే వెంటనే దీన్నే అనుమానించండి.

పరిష్కారం: బీఓఎంని చేత్తో దిద్దడం మానేయండి. ధర, పార్ట్ నంబర్ లాంటివి స్కీమాటిక్ ఫీల్డుల్లోనే ఉంచి, విడుదల చేసిన ప్రతిసారీ అక్కడినుంచే సీఎస్‌వీ తీయండి. కీక్యాడ్ 8 నుంచి దీన్ని కమాండ్ లైన్‌లోనే చేయొచ్చు. ప్యాకేజీ గడిలో ఉత్త 0603 బదులు, కీక్యాడ్ ఇచ్చే ఆర్_0603_1608మెట్రిక్ తరహా పూర్తి ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద విడిభాగం కూర్చునే ఆకారం) పేరు రానివ్వండి. దాన్ని ఏ ప్రోగ్రామూ సంఖ్య అనుకోదు. పైగా మెట్రిక్ 0603 అంటే అంగుళాల లెక్కలో 0201, ఆ గందరగోళమూ తప్పుతుంది. ఎక్సెల్‌లో చూడక తప్పకపోతే డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసుకుని, ప్రతి కాలమ్‌నూ టెక్స్ట్‌గా ఎంచుకోండి.

మెటాడేటాకి నేనైతే యామల్ బదులు టామల్ అనే ఫార్మాట్ వాడమంటాను. కోట్స్ లేకుండా 0603 రాస్తే అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, చప్పుడు చేయకుండా మార్చేయదు. వెర్షన్‌కి మాత్రం అక్కడా కోట్స్ తప్పనిసరి, లేకపోతే దశాంశ సంఖ్యగా చదివి 1.10 మళ్లీ 1.1 అవుతుంది.

అరుదుగా వచ్చేవి: ఓమ్, మైక్రో గుర్తులు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే ఫైల్‌ని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి. 3డీ ప్రింట్ 25.4 రెట్లు తేడాగా వస్తే, 3డీ ఆకారాన్ని దాచే ఎస్‌టీఎల్ ఫైల్‌లో కొలమానం (మిల్లీమీటరా, అంగుళమా అన్నది) ఉండదు కాబట్టి దాని పక్కన కొలమానం కూడా ఉండే స్టెప్ ఫైల్ కూడా పెట్టండి.