పిల్లికి అందకుండా చీజ్‌కేక్

క్రీమ్ చీజ్ మెత్తబడాలని గట్టు మీద పెట్టి అటు తిరిగేలోపే పిల్లి మూతి పెట్టేస్తుంది, పళ్లెం మూసినా తోసేస్తుంది. అందుకే 200 గ్రాముల క్రీమ్ చీజ్‌ని ముక్కలుగా కోసి, గిన్నెలో వేసి, ఖాళీ ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి మూత బిగించండి. గ్యాస్కెట్ తీసేయడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే పప్పు వాసన పట్టేస్తుంది. అరగంటో, ఇంకాస్త సేపో ఉంచితే చాలు. బేక్ అయ్యాక కూడా ఇదే పద్ధతి, 6 అంగుళాల టిన్ను పెద్ద కుక్కర్‌లో హాయిగా పడుతుంది.

కానీ వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్లై కారి కేక్ పైభాగం చిత్తడవుతుంది, కాబట్టి టిన్ను చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆపేసిన ఓవెన్‌లోనే ఉంచండి. ఎండాకాలమైతే కుక్కర్‌లో ఎక్కువసేపు వదలకుండా ఫ్రిజ్‌లోకి మార్చేయండి.