చలికాలపు కుట్లు, వంటలు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

చలి మొదలవగానే కుట్టుమిషన్ మీదికి పల్చటి కాటన్ బదులు ఫ్లానెల్, ఫ్లీస్, దూది పొరలు వస్తాయి. పొయ్యి మీదికి సూపులు, గింజలు చేరతాయి, ఓవెన్‌కు బ్రెడ్ పని పడుతుంది. వీటిలో వచ్చే చిక్కులకు చాలావరకు రెండే మూలాలు: మందం, చలి. మిషన్ పల్చటి బట్టకు సర్ది ఉంటుంది, వంట కొలతలు వెచ్చటి గదికి రాసి ఉంటాయి. లోపం ఒకచోట ఉంటే లక్షణం ఇంకోచోట బయటపడుతుంది. అందుకే కుట్టు చెడగానే దారం బిగువు సర్దే టెన్షన్ నాబ్ తిప్పడం, పిండి పొంగకపోతే ఇంకో చెంచా ఈస్ట్ వేయడం అనే రెండు అలవాట్లూ మానుకుంటే సగం పని తేలికవుతుంది.

బట్ట అడుగున దారం ఉండకట్టుకుపోతోంది

చిక్కు అడుగున కనిపిస్తుంది కాబట్టి అందరూ బాబిన్‌ను (కింది దారం చుట్టి ఉండే చిన్న చుట్టను) అనుమానిస్తారు. తప్పు ఎక్కువసార్లు పై దారానిదే. ఫుట్ (బట్టను నొక్కి పట్టే పాదం) కిందికి దించి ఉన్నప్పుడు, పై దారాన్ని పట్టి ఉంచే టెన్షన్ బిళ్లలు బిగిసి ఉంటాయి. ఆ సమయంలో దారం ఎక్కిస్తే అది బిళ్లల మధ్యకు వెళ్లదు, అంచు మీదే ఉండిపోతుంది. పట్టు లేని దారం కావలసినదానికంటే ఎక్కువగా కిందికి జారి ఉండలవుతుంది.

దారం మొత్తం తీసేయండి. ఫుట్ పైకెత్తి, సూదిని పైకి తెచ్చి, మొదటినుంచి మళ్లీ ఎక్కించండి. సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడం సులువు. ఫుట్ ఎత్తి సూది దగ్గర దారం లాగితే వదులుగా రావాలి, దించి లాగితే బిగువుగా రావాలి. రెండుసార్లూ వదులుగానే వస్తే దారం ఇంకా బయటే ఉంది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు పై దారం, కింది దారం కొసలు రెండూ 10 సెం.మీ. పొడవున వదిలి, మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా వెనక్కి పట్టుకోండి.

ఇంత చేసినా కుదరకపోతే అప్పుడు నాబ్ ముట్టుకోండి. కుట్టబోయే పొరలతోనే ఒక చిన్న ముక్క తయారుచేసి, పైన ఒక రంగు, బాబిన్‌లో ఇంకో రంగు దారం పెట్టి కుట్టి చూడండి. కింది రంగు పైకి కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువైంది, తగ్గించాలి. పై రంగు కిందికి కనిపిస్తే పెంచాలి. ఒకసారికి అర అంకె చాలు. పల్చటి ముక్క మీద చేసిన పరీక్ష బొంతకు పనికిరాదు.

మధ్యమధ్యలో కుట్లు తప్పుతున్నాయి

సూది అడుగుకు దిగి, మళ్లీ 2 మి.మీ.కు కాస్త ఎక్కువ పైకి లేచేసరికి దాని వెనక దారం ఉచ్చులా తెరుచుకుంటుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును అందుకుంటేనే కుట్టు పడుతుంది. మందంగా, మెత్తగా ఉన్న బట్ట సూదితోపాటే పైకి లేస్తే ఉచ్చు తెరుచుకోదు, కొక్కెం ఖాళీగా తిరిగి వెళ్తుంది. సూది మొద్దుబారినా, సన్నమైనదైనా, పైదాకా ఎక్కకపోయినా ఇదే జరుగుతుంది.

కాబట్టి ముందు సూది మార్చండి. సూది మీద 90/14 అని ఉంటే 90 అంటే 0.9 మి.మీ. లావు అని అర్థం. రెండు పొరల ఫ్లానెల్‌కు 90/14 సరిపోతుంది. పైబట్ట, దూది, కిందిబట్ట కలిపి కుట్టేటప్పుడు 90/14తో తప్పుతుంటే 100/16కు వెళ్లండి. జీన్స్ మడతలకు 100/16 లేదా 110/18 జీన్స్ సూది కావాలి. ఫ్లీస్ నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. దానికి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ లేదా స్ట్రెచ్ సూది పెట్టాలి. అది పోగును చీల్చకుండా పక్కకు తప్పించి దిగుతుంది. సూదికి ఒకపక్క చదునుగా ఉంటుంది, అది ఎటు ఉండాలన్నది మిషన్‌ను బట్టి మారుతుంది, మిషన్‌తో వచ్చిన పుస్తకం చూడండి. సుమారు 8 గంటలు కుట్టాక సూది బాగానే కనిపించినా తీసేయడమే మంచిది.

సూది మార్చినా తప్పుతుంటే కింద ప్లేటు తెరిచి చూడండి. ఫ్లానెల్, ఫ్లీస్ విపరీతంగా నూగు రాలుస్తాయి. బాబిన్ మార్చిన ప్రతిసారీ చిన్న బ్రష్‌తో ఆ నూగు తీయాలి. నోటితో ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది.

మందపాటి మడత దగ్గర మిషన్ ఆగిపోతోంది, సూది విరుగుతోంది

ఫుట్ ముందు భాగం మడత మీదికి ఎక్కగానే వెనక భాగం గాలిలో ఉంటుంది. బట్టను నడిపించే కింది పళ్లకు దాని మీద పట్టు పోయి కుట్లు ఒకేచోట పడతాయి. అప్పుడు చాలామంది బట్టను వెనకనుంచి లాగుతారు. సూది వంగి ప్లేటుకు తగిలి విరిగేది అప్పుడే.

అదే మందం వచ్చేలా ఒక గుడ్డముక్కను మడిచి ఫుట్ వెనక భాగం కింద పెట్టండి. ఫుట్ సమతలంగా నిలుస్తుంది, పళ్లు మళ్లీ పనిచేస్తాయి. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మి.మీ.కు పెంచండి. మడత దాటే ఐదారు కుట్లను పెడల్‌తో కాకుండా పక్క చక్రాన్ని మీ వైపుకు చేత్తో తిప్పుతూ వేయండి. ముందే మందం తగ్గించుకోవచ్చు కూడా: కుట్టు పక్కన వదిలిన బట్ట అంచుల్లో ఒకదాన్ని 6 మి.మీ., ఇంకోదాన్ని 3 మి.మీ. ఉంచి కత్తిరిస్తే మెట్టుగా అణుగుతుంది. ఇంకా గట్టిగా ఉంటే మడత మీద గుడ్డ కప్పి చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే సరి.

మోటారు మూలుగుతూ చక్రం కదలకపోతే వెంటనే కాలు తీసేయండి, అలా నొక్కి ఉంచితే మోటారు కాలిపోతుంది. సూది విరిగితే ముక్కలన్నీ దొరికి, జతపెడితే పూర్తి సూది అయ్యేదాకా పని మొదలుపెట్టకండి. దూదిలో దిగిన మొన ఎప్పుడో ఎవరికో గుచ్చుకుంటుంది.

పొరలు జరిగిపోయి బొంత వెనక ముడతలు పడుతున్నాయి

పళ్లు కిందిబట్టను ముందుకు లాగుతాయి. పైబట్టను ఫుట్ ఆపుతుంది. పల్చటి బట్టలో ఈ తేడా తెలియదు కానీ మధ్యలో దూది ఉంటే ఒక మీటరు కుట్టేసరికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాకింగ్ ఫుట్ బిగిస్తే పైనుంచి కూడా పళ్లు బట్టను నడిపిస్తాయి. బొంతలు తరచూ కుట్టేవాళ్లు వేరే ఏ పరికరం కొనకపోయినా ఇది కొనుక్కోవచ్చు. అది లేకపోతే ఫుట్ ఒత్తిడి తగ్గించే మర ఉందేమో చూసి, కొంచెం వదులు చేయండి.

అసలు పని పొరలు పరిచేటప్పుడే ఉంటుంది. కిందిబట్టను తిరగేసి నేల మీద పరిచి, అంచులను టేపుతో అంటించండి. ముడత పోయేంత బిగువు చాలు. సాగేలా లాగితే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుంటుంది. దూది, కిందిబట్ట రెండూ పైబట్టకంటే అన్నివైపులా 8 నుంచి 10 సెం.మీ. ఎక్కువ ఉండాలి. ప్రతి 10 సెం.మీ.కు ఒక సేఫ్టీ పిన్ను, లేదా చేత్తో పొడవైన టాకాలు. కుట్టడం మధ్యలో మొదలుపెట్టి అంచులకు వెళ్లండి.

ముడత పడిపోయాక దాన్ని పక్కకు సాగదీసి దాచలేరు. ఆ ఒక్క వరుసే విప్పాలి. ఒకవైపు ప్రతి మూడో కుట్టును తెంపి, రెండోవైపు దారాన్ని లాగితే మొత్తం వచ్చేస్తుంది, బట్టకు చిరుగు పడదు.

ఉతికాక మొత్తం కుంచించుకుపోయిందంటే అది కుట్టు దోషం కాదు. ఫ్లానెల్‌ను ఉతక్కుండా కత్తిరించారన్నమాట. దూది పొర కూడా 3 నుంచి 5 శాతం దాకా తగ్గవచ్చు. బొంతకు ఆ ముడుతల అందమే కావాలనుకుంటే వదిలేయండి, కొలతకు సరిపోవాల్సిన కోటు, చొక్కాలకు మాత్రం బట్టను ముందే ఉతికి ఆరబెట్టాలి.

ఫ్లీస్ అంచు అలలు తిరుగుతుంటే అది కుట్టేటప్పుడు సాగింది. కుట్టు పొడవు 3 మి.మీ., వెడల్పు అర మి.మీ. ఉన్న సన్నటి జిగ్‌జాగ్ పెట్టి, చేత్తో లాగకుండా వదలండి. అలలు పోవాలని వేడి ఇస్త్రీ పెట్టారో, నూగు కరిగి గాజులా మెరుస్తుంది. దానికి మందు లేదు.

మిషన్ బరువుగా తిరుగుతోంది

చలికి నూనె చిక్కబడుతుంది. మిషన్‌ను వెచ్చటి గదిలో గంటసేపు ఉంచి, దారం తీసేసి, నిమిషంపాటు నెమ్మదిగా ఖాళీగా నడపండి. తర్వాత పుస్తకంలో చూపిన చోట్ల ఒక్కో చుక్క మిషన్ నూనె. కొన్ని కొత్త మిషన్లకు ఇంట్లో నూనె వేయకూడదు, అది కూడా అందులోనే రాసి ఉంటుంది. వంటనూనె, కొబ్బరినూనె వేసిన మిషన్లు ఈ కాలంలోనే మొరాయిస్తాయి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మిగతా వంటనూనెలు రోజులు గడిచేకొద్దీ జిగురుగా మారతాయి. ఆ జిగురును తుడిచి తీయకుండా పైన మంచి నూనె పోస్తే లాభం లేదు.

వేడి గిన్నె పట్టుకునే ప్యాడ్ చెయ్యి కాలుస్తోంది

లోపల ఏముందో చూడండి. పాలియెస్టర్ పొర 250–260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకుముందే మెత్తబడి అణిగిపోతుంది. ఇనుప పెనం ఆ వేడిని సులువుగా చేరుకుంటుంది. పైబట్ట, లోపలి పొర, దారం మూడూ నూలువే ఉండాలి. 20 సెం.మీ. చదరానికి రెండు పొరల దూది పెట్టి, వరుసకూ వరుసకూ 4–5 సెం.మీ. వదిలి కుట్టండి. దగ్గర దగ్గరగా కుడితే దూది అణిగి, లోపలి గాలి పోతుంది, వేడిని ఆపేది ఆ గాలే. మెరిసే రేకు లాంటి పొర వాడినా దానికి తోడు నూలు దూది ఉండాల్సిందే. ఆ ప్యాడ్‌ను మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు.

మంచి ప్యాడే అయినా కాలిందంటే అది తడిగా ఉండి ఉంటుంది. నీరు వేడిని గాలికంటే సుమారు 24 రెట్లు వేగంగా మోస్తుంది.

బ్రెడ్ పిండి పొంగడం లేదు

25 డిగ్రీల్లో గంటన్నరలో రెట్టింపయ్యే పిండి 17 డిగ్రీల్లో దాదాపు రెండింతల సమయం తీసుకుంటుంది. ఈస్ట్ చావలేదు, నెమ్మదించింది. ఇంకా ఈస్ట్ కలిపితే పొంగుతుంది గానీ రొట్టె ఈస్ట్ వాసన కొడుతుంది.

500 గ్రా. మైదాకు 7 గ్రా. ఇన్‌స్టంట్ ఈస్ట్, 10 గ్రా. ఉప్పు, 325 గ్రా. నీళ్లు అనుకుందాం. చేత్తో కలిపేటప్పుడు నీటి వేడి లెక్క ఇది: 75లోంచి గది ఉష్ణోగ్రత, పిండి ఉష్ణోగ్రత తీసేయండి. రెండూ 17 అయితే నీళ్లు 41 డిగ్రీలుండాలి. కలిపిన ముద్ద 25 దగ్గరకు వస్తుంది. నీళ్లు 55 దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది, కాబట్టి చెయ్యి పెట్టలేనంత వేడి ఎప్పుడూ వద్దు. ఆపేసి ఉన్న ఓవెన్‌లో ముద్దతోపాటు గిన్నెడు వేడినీళ్లు పెట్టి తలుపు మూసి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. గడియారం చూడకండి, పరిమాణం రెట్టింపైందా లేదా చూడండి.

ఈస్ట్ మీదే అనుమానముంటే అర కప్పు గోరువెచ్చటి నీటిలో చెంచా చక్కెర, చెంచా ఈస్ట్ కలిపి పది నిమిషాలు ఆగండి. నురగ లేకపోతే పారేయండి.

కాల్చిన బ్రెడ్ లోపల బంకగా ఉంటే మధ్యలో వేడి 93–96 డిగ్రీలకు చేరకముందే తీశారు, లేదా గంటైనా చల్లారనివ్వకుండా కోశారు.

సూప్ పల్చగా ఉంది, పిండి వేస్తే ఉండలు కట్టింది

పొడి కార్న్‌ఫ్లోర్ వేడి ద్రవంలో పడగానే పైపొర జిగురై, లోపలి పొడిని మూసేస్తుంది. లీటరు సూప్‌కు 2 టేబుల్ స్పూన్ల పిండిని 4 టేబుల్ స్పూన్ల చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న సూప్‌లో తిప్పుతూ పోయండి. మళ్లీ మరిగాక ఒక నిమిషం చాలు, చాలాసేపు మరిగిస్తే తిరిగి పల్చబడుతుంది. నిమ్మరసం దించాకే పిండాలి. ఉండలు కట్టేసి ఉంటే వడకట్టండి. మిక్సీలో వేస్తే జార్‌లో మూడోవంతు మించకూడదు, ఆవిరి పోయే దారి వదలాలి, లేకపోతే మూత ఎగిరి మీద పడుతుంది.

అడుగంటితే గరిటె పెట్టకండి, పైనున్నది మాత్రం వేరే గిన్నెలోకి వంపండి. ఉప్పు ఎక్కువైతే ద్రవం పెంచడమొక్కటే మార్గం. బంగాళదుంప వేస్తే అది ఉప్పునీటిని పీల్చుకుంటుందేగానీ మిగిలిన సూప్ చప్పబడదు.

గింజలు ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉన్నాయి

గింజలు పాతవైనా, నీళ్లు కఠినజలమైనా, టమాటా ముందే వేసినా ఇంతే. పులుపు గింజ తొక్కను గట్టిపరుస్తుంది, మెత్తబడ్డాకే వేయాలి. 500 గ్రా. గింజలకు పావు టీస్పూన్ వంటసోడా సాయపడుతుంది, అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. రాజ్మాను మాత్రం కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వాలి. వాటిలో సహజంగా ఉండే లెక్టిన్ కడుపును తిప్పేస్తుంది, స్లో కుక్కర్ సన్నటి వేడికి అది పోదు.

రాత్రి పొయ్యి మీద వదిలిన సూప్ పొద్దుటికి పుల్లవాసన వేస్తోంది

ఇల్లు చల్లగా ఉందిగా అని కుండను అలాగే ఉంచడం వల్ల. పెద్ద కుండ నడిమధ్య గంటలతరబడి వెచ్చగానే ఉంటుంది, 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా పెరుగుతుంది. 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కు ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. లోతు 5–7 సెం.మీ. మించని వెడల్పాటి గిన్నెల్లోకి వంచి, చన్నీళ్ల పళ్లెంలో నిలబెట్టి తిప్పి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా బయటున్నదాన్ని మళ్లీ మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ కొన్ని బ్యాక్టీరియాలు అప్పటికే వదిలిన విషం ఆ వేడికి పోదు. వాసన బాగున్నా సరే, పారబోయాలి.