కార్చిచ్చు ముప్పున్న కొండబాటల్లో మిత్రులతో సైకిల్ తొక్కేటప్పుడు

బయలుదేరే ముందు అటవీ శాఖ హెచ్చరికలనూ గాలి దిశనూ చూసుకొని, బాట నుంచి బయటపడే రెండు దారులను, సిగ్నల్ లేకున్నా ఫోనులో తెరుచుకునే పటంలో జట్టులోని ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం వాలు: ఎగువకు పాకే మంట వేగం ప్రతి 10 డిగ్రీల వాలుకు సుమారు రెట్టింపవుతుంది గనుక, దిగువన పొగ కనిపిస్తే శిఖరం వైపు తొక్కి తప్పించుకోవచ్చని ఎన్నడూ అనుకోవద్దు. వెనుకబడిన మిత్రుడి వేగమే జట్టు వేగం కావాలి. ఇటీవల కాలిన అడవిలో మరింత జాగ్రత్త అవసరం. నేల కింద వేళ్ళు కాలిపోయిన చోట పైన పలచని బూడిద పొర మాత్రమే మిగిలి, ముందు చక్రం ఒక్కసారిగా గుంతలో దిగబడవచ్చు. నల్లబడిన మొండి చెట్ల కింద ఆగి సేదతీరకండి, అవి గాలి లేకున్నా కూలవచ్చు.