రాగాల పేజీలో చెదిరిపోయిన తెలుగు

పరీక్షలు అయిపోయిన రాత్రి నా వెబ్‌సైటులో నేను వినే రాగాలకు ఒక పేజీ పెట్టాను. హిందోళం గురించి ఎంతో ఇష్టంగా రాశాను: రిషభం, పంచమం లేకుండా ఐదు స్వరాలతోనే అంత లోతు! తీరా సర్వరులోకి ఎక్కించి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన వాలుగీత ఉన్న రోమన్ ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ మళ్లీ అవే. ప్రాణం ఉసూరుమంది.

రెండు గంటలు ఫాంట్లు మార్చి చూశాను. అది వృథా శ్రమ. ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు వస్తాయి, ఈ గుర్తులు రావు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు 3 బైట్లు చొప్పున పడతాయి, అన్నిటికీ మొదటి బైటు ఒకటే. బ్రౌజర్ ఆ బైట్లను పాత లాటిన్ పద్ధతిలో విడివిడిగా చదువుతోంది. మరి పేజీ కోడు మొదట్లో ఉండే మెటా ట్యాగులో యూటీఎఫ్-8 అని రాశాను కదా!

చివరికి బ్రౌజర్‌లోని నెట్‌వర్క్ ట్యాబులో సర్వరు పంపే కంటెంట్-టైప్ (పేజీని ఏ పద్ధతిలో చదవాలో చెప్పే వరుస) చూశాను. ఐఎస్‌వో-8859-1 అని ఉంది, అంటే ఆ పాత లాటిన్ పద్ధతే. సర్వరు మాట ముందు మెటా ట్యాగు చెల్లదు. అది అపాచీ అనే రకం సర్వరు కాబట్టి దాని అమరికలు రాసే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఒక్క వరుస చేర్చాను. పేజీ మళ్లీ తెరిస్తే ‘హిందోళం’ సున్నాతో సహా నిండుగా కనిపించింది. వెంటనే మోహన గురించి రాయడం మొదలుపెట్టాను.