లాక్రోస్ షాఫ్ట్: ముందు కొలత, తర్వాతే లోహం

లాక్రోస్ అంటే వల కట్టిన కర్రలతో బంతిని పట్టి విసురుతూ గోల్ కొట్టే జట్టు ఆట. ఆ కర్రలో పైన వల కట్టిన ప్లాస్టిక్ హెడ్, కింద చేత్తో పట్టుకునే బోలు గొట్టం ఉంటాయి. ఆ గొట్టమే షాఫ్ట్. అమెరికాలో పిల్లాడు స్కూలు జట్టులో చేరగానే మనవాళ్లు దుకాణంలో ముందు అడిగేది ‘ఏది తేలిక?’ అని. దానికంటే ముందు తేలాల్సింది వాడు ఏ స్థానంలో ఆడతాడన్నది.

మగపిల్లల ఆటలో ఎటాక్, మిడ్‌ఫీల్డ్ కర్ర హెడ్‌తో కలిపి 40 నుంచి 42 అంగుళాలుండాలి. అందుకే వాళ్ల షాఫ్ట్ 30 అంగుళాలది వస్తుంది. డిఫెండర్ల పొడుగు కర్ర 52 నుంచి 72 అంగుళాలు, దానికి 60 అంగుళాల షాఫ్ట్. మైదానంలో ఒక జట్టుకు పొడుగు కర్రలు నాలుగు మించకూడదు కాబట్టి కోచ్ చెప్పాకే కొనండి. గోల్ కాసే గోలీకి సాధారణంగా 40 అంగుళాల షాఫ్ట్ వాడతారు. ఆడపిల్లల కర్ర మొత్తం 35.5 నుంచి 43.25 అంగుళాలు. షాఫ్ట్ కూడా కాస్త సన్నం, కాబట్టి అన్నయ్య పాతది చెల్లెలికి ఇచ్చేద్దామనుకుంటే హెడ్ సరిగా కూర్చోదు.

చిన్నపిల్లలకు షాఫ్ట్ కోయాల్సి వస్తే వాళ్ల వయసు విభాగంలో కనీస పొడవెంతో ముందు కనుక్కోండి. హెడ్ బిగించి మొత్తం కొలిచి, గుర్తు పెట్టి, అడుగువైపు నుంచే కోయండి. పైవైపు హెడ్ బిగించే స్క్రూ రంధ్రం ఉంటుంది. కార్బన్ ఫైబర్ షాఫ్ట్ అయితే కోసేచోట టేపు చుట్టాలి, లేకపోతే పోగులు లేస్తాయి. ఆ పొడి పీల్చకుండా మాస్కు తప్పనిసరి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు మూత పెట్టండి. మూత లేని కర్రను రిఫరీ ఆడనివ్వడు.

ఇక లోహమా, కార్బనా అన్నది. మొదటి ఏడాదికి అల్యూమినియం చాలు. అందులో 6000 రకం చవక, తొందరగా సొట్టలు పడుతుంది. 7000 రకం గట్టిది. స్కాండియం అనే లోహం కలిపినది తేలిక, ఖరీదెక్కువ. టైటానియం బాగా మన్నుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. కార్బన్ తేలిక, చలిలో చేతికి చల్లగా తగలదు. కానీ అల్యూమినియం దెబ్బకు వంగి ముందే చెబుతుంది, కార్బన్ చెప్పకుండా విరుగుతుంది. ఎదిగే పిల్లాడికి ఖరీదైన కార్బన్ కొనడం డబ్బు దండగ.

ఆకారాన్ని గ్లవ్స్ వేసుకునే పరీక్షించాలి. ఎనిమిది పలకల షాఫ్ట్ తిరిగిపోకుండా నిలుస్తుంది, హెడ్ ఎటు చూస్తోందో చూడకుండానే తెలుస్తుంది. చిన్న చేతులకు పలకలు లోపలికి నొక్కినట్టున్నవి హాయి. జారుతుంటే కింది చెయ్యి పట్టేచోట గుడ్డ టేపు చుడితే సరి.

హెడ్ గలగలలాడితే షాఫ్ట్ పైచివర ఒకటి రెండు చుట్లు టేపు వేయండి. అంతకు మించితే హెడ్‌ను బలవంతంగా దూర్చాల్సి వచ్చి దాని మెడ పగులుతుంది. స్క్రూను చేత్తోనే బిగించాలి, డ్రిల్లు పెడితే ప్లాస్టిక్ అరిగిపోయి ఇక పట్టదు.

వారానికోసారి ఒక కన్ను మూసి షాఫ్ట్ పొడవునా చూడండి, వంపుంటే కనిపిస్తుంది. కార్బన్‌ను నాణెంతో తట్టండి. ఒకచోట మాత్రం మొద్దు శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. దానికి టేపు చుట్టి నెట్టుకురావద్దు. విరిగిన కర్రతో ఆడకూడదని నియమం, అందుకే పక్కన ఇంకో కర్ర సిద్ధంగా ఉంచండి.