ఆత్మీయ సాధనను రోజువారీ జీవితంలో ఎలా అలవరచుకోవాలి?

బైబిలులో, తిమోతికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం 7వ వచనంలో, దేవభక్తి విషయంలో సాధన చేయమని చెప్పేటప్పుడు అపొస్తలుడైన పౌలు వాడిన గ్రీకు క్రియ వ్యాయామశాలలో చేసే కసరత్తుకు సంబంధించినది. ఒక్క రోజు నూరు బస్కీలు తీసి నెలంతా విశ్రమించేవాడికంటే రోజూ పది తీసేవాడి ఒళ్లే గట్టిపడుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే అయినా, ఆత్మీయ సాధనకు వచ్చేసరికి చాలామంది దాన్ని మరచిపోతారు. కూటంలో విన్న ప్రసంగానికి మనసు కదిలి, మర్నాటి నుంచి రోజూ రెండు గంటలు ప్రార్థించాలని తీర్మానించుకుంటారు. వారం తిరగకముందే అది ఆగిపోయి, అపరాధ భావం ఒక్కటే మిగులుతుంది.

సాధన దేవుని ప్రేమకు చెల్లించే వెల కాదని ముందుగా స్పష్టం చేసుకోవాలి. రక్షణ కృప వల్ల కలిగినదే గాని క్రియల వల్ల కలిగినది కాదని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. రైతు వానను కురిపించలేడు, కానీ పొలం దున్ని ఉంచగలడు. ఇక్కడ మన వంతు కూడా అంతే.

మొదటి పని: వేళ, చోటు నిర్ణయించుకోవడం

మార్కు సువార్త 1వ అధ్యాయంలో, పట్టణమంతా వాకిట గుమిగూడిన సాయంకాలం యేసు అనేకులను స్వస్థపరచి, మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించడానికి వెళ్లాడు. అంటే తీరిక దొరికిన రోజున కాదు, ఏమాత్రం తీరిక లేని రోజు మర్నాడే. దానియేలు దినానికి ముమ్మారు ప్రార్థించేవాడు. వేకువజామే పవిత్రమైనదని నియమమేమీ లేదు; రాత్రి ఉద్యోగం చేసేవారికి మధ్యాహ్నమే అనువైన వేళ కావచ్చు. మొదట పదిహేను నిమిషాలు చాలు. ఫోను వేరే గదిలో పెట్టి, బైబిలును అచ్చు ప్రతిలో చదవడం మేలు.

రెండవ పని: చదివినదాన్ని ధ్యానించడం

పరిశుద్ధ గ్రంథంలో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో పూర్తి చేయవచ్చు. అది మంచి ప్రణాళికే గాని, కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దాన్ని సూచించను, ఎందుకంటే బలుల, ఆచారాల నియమాలతో నిండిన లేవీయకాండానికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు, ఆగనివారిలోనూ కొందరు అధ్యాయాలు లెక్కపెట్టుకోవడంలో పడిపోతారు. 16 అధ్యాయాలున్న మార్కు సువార్తను రోజుకు అర అధ్యాయం చొప్పున చదివితే దాదాపు నెల రోజులు పడుతుంది.

మొదటి కీర్తనలో ‘ధ్యానించు’ అని అనువదించిన హీబ్రూ మాటకు లోగొంతుతో గొణగడం అనే అర్థం కూడా ఉంది. యెషయా 31:4లో ఎరమీద నిలిచి గర్జించే సింహానికి అదే మాట వాడారు. కాబట్టి ధ్యానం అంటే మనసును ఖాళీ చేసుకోవడం కాదు, వాక్యాన్ని నెమరువేయడం. పన్నెండవ శతాబ్దపు సన్యాసి రెండవ గ్విగో దీన్ని చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా నిలిచి ఉండడం అనే నాలుగు మెట్లుగా వివరించాడు.

ఉదాహరణకు మార్కు 10:46–52 తీసుకుని, గొంతు వినిపించేలా రెండుసార్లు నెమ్మదిగా చదవండి. నేను నీకేమి చేయాలని కోరుతున్నావని గుడ్డివాడైన బర్తిమయిని యేసు అడుగుతాడు. అతనికి కావలసినదేమిటో చూసేవారందరికీ తెలిసినప్పటికీ యేసు ఎందుకు అడిగాడో ఆలోచించండి. తరువాత ఆ ప్రశ్న మిమ్మల్నే అడిగినట్లుగా భావించి, నిజాయితీగా వచ్చిన జవాబును ఒక వాక్యంలో రాసుకోండి. ఆ జవాబే ఆనాటి ప్రార్థనకు మొదటి మాట అవుతుంది.

మూడవ పని: మాటలు దొరకనప్పుడు కూడా ప్రార్థించడం

ప్రభువు నేర్పిన ప్రార్థనను వల్లించి వదిలేయకుండా, దాని వరుసను చట్రంగా వాడుకోవచ్చు. అందులో మొదటి మూడు విన్నపాలు దేవుని నామం, రాజ్యం, చిత్తం గురించినవి. అనుదినాహారం, క్షమాపణ, శోధననుంచి తప్పింపు ఆ తరువాతే వస్తాయి. మన ప్రార్థనలు సాధారణంగా నాలుగవ విన్నపంతో మొదలై అక్కడే ముగుస్తాయి.

మనసు ఎండిపోయిన రోజుల్లో కీర్తనలను మన మాటలుగా పలకవచ్చు. రోజుకు ఐదు చొప్పున చదివితే 150 కీర్తనలు ముప్పై రోజుల్లో పూర్తవుతాయి. పశ్చాత్తాపానికి 51వ కీర్తన, కృతజ్ఞతకు 103వది ఉన్నాయి. 88వ కీర్తన మాత్రం ఆశాజనకమైన మలుపేదీ లేకుండా చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. దుఃఖాన్ని దుఃఖంగానే దేవుని ముందు ఉంచవచ్చని చెప్పడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు.

నాలుగవ పని: ఉపవాసం

తొలి క్రైస్తవుల ఉపదేశ గ్రంథమైన దిదఖే బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండమని చెబుతుంది. మొదట వారానికి ఒక్క పూట మానేసి, ఆ సమయాన్ని ప్రార్థనకు, ఆ ఆహారాన్ని ఆకలిగొన్నవారికి ఇవ్వండి. యెషయా 58వ అధ్యాయం కోరిన ఉపవాసంలో ఆకలిగొన్నవారికి అన్నం పంచడం కూడా ఉంది. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, క్రమం తప్పక మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా భోజనం మానకూడదు. వారు ఆరోజు టీవీనో సామాజిక మాధ్యమాలనో మానుకోవచ్చు.

ఐదవ పని: మరొకరి తోడు

యాకోబు 5:16 పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకొని, ఒకరికొరకు ఒకరు ప్రార్థించమంటుంది. సంఘారాధన దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఇది దానికీ ప్రత్యామ్నాయం కాదు. గుట్టు కాపాడగల ఒక విశ్వాసితో వారానికొకసారి మాట్లాడండి. ఎన్ని అధ్యాయాలు చదివారో అని కాక, ఈ వారం ఎవరిమీద కోపం నిలుపుకున్నారో అడగమని వారిని కోరండి. గలతీ 5:22–23లోని ఆత్మఫలం, అంటే ప్రేమ, సంతోషం, సమాధానం వంటి గుణాలు, మనలో కనబడుతున్నదో లేదో మనకంటే ముందు మన ఇంటివారికే తెలుస్తుంది కాబట్టి, అప్పుడప్పుడు వారినీ అడగడం మంచిది.

ఏదైనా ఒక రోజు తప్పిపోతే, దాని భాగాన్ని మర్నాటికి కలిపి రెట్టింపు చేయకండి. ఆ బాకీ వారం రోజుల్లో మోయలేని బరువవుతుంది. ఆగిన చోటినుంచే, అదే వేళకు, అవే పదిహేను నిమిషాలతో తిరిగి మొదలుపెట్టండి.