జెమ్5లో డిస్క్ ఇమేజ్ బూట్ కానప్పుడు ఎక్కడ వెతకాలి

కంప్యూటర్ హార్డ్‌వేర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే జెమ్5 సిమ్యులేటర్‌ను ఫుల్ సిస్టమ్ పద్ధతిలో, అంటే లోపల పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అయ్యేలా నడపడానికి ముఖ్యంగా రెండు ఫైళ్లు కావాలి. ఒకటి కంప్రెస్ చేయని లినక్స్ కెర్నల్, అంటే వీఎమ్‌లినక్స్ ఫైలు. రెండోది ఆపరేటింగ్ సిస్టమ్‌నూ మన బెంచ్‌మార్కులనూ మోసే డిస్క్ ఇమేజ్. బూట్ మధ్యలో ఆగిపోతే చాలామంది ముందుగా సిమ్యులేటర్ కాన్ఫిగరేషన్ స్క్రిప్టును అనుమానిస్తారు. నా అనుభవంలో మాత్రం దోషం ఎక్కువసార్లు ఇమేజ్‌లోనో, ఇమేజ్‌కూ కెర్నల్‌కూ మధ్య పొంతన కుదరకపోవడంలోనో దొరికింది. కాబట్టి ప్రతి చిన్న మార్పుకూ సిమ్యులేషన్‌ను మళ్లీ మొదలుపెట్టి గంటలు వెచ్చించే బదులు, ఆతిథ్య యంత్రం, అంటే జెమ్5ను నడిపే మన కంప్యూటర్ మీదే నిమిషాల్లో తేల్చుకోగల విషయాలను ముందు తేల్చుకోవడం మంచిది. కింద కమాండ్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

మొదట ఇమేజ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూడాలి. జెమ్5 చదివేది రా ఫార్మాట్‌ను, అంటే డిస్క్ బైట్లు ఉన్నవి ఉన్నట్లుగా ఉండే ఫైలును మాత్రమే. వర్చువల్ మెషీన్ కోసం తయారుచేసిన క్యూకౌ2 ఫైలును పొరపాటున ఇచ్చినా అది వెంటనే తిరస్కరించదు. అందులోని బైట్లనే డిస్క్ సెక్టార్లుగా భావించి ముందుకు పోతుంది, కెర్నల్‌కు మాత్రం అక్కడ పార్టిషన్ పట్టిక కనబడదు. క్యూఈఎమ్‌యూ-ఐఎమ్‌జీ కమాండ్‌కు ఇన్ఫో అని జోడించి ఫైలు పేరు ఇస్తే ఫార్మాట్ తెలిసిపోతుంది. రా కాకపోతే అదే కమాండ్‌లోని కన్వర్ట్‌తో మార్చుకోవచ్చు.

తరువాత ఎఫ్‌డిస్క్‌ను మైనస్ ఎల్ ఆప్షన్‌తో ఇమేజ్ మీద నడిపి, రూట్ పార్టిషన్ ఎన్నోదో, ఏ సెక్టార్ దగ్గర మొదలవుతోందో రాసి పెట్టుకోవాలి. ఈనాటి పరికరాలతో చేసిన ఇమేజ్‌లలో మొదటి పార్టిషన్ సాధారణంగా 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. సెక్టార్‌కు 512 బైట్లు కనుక ఆఫ్‌సెట్ 10,48,576 అవుతుంది. పాత ఇమేజ్‌లలో 63వ సెక్టార్, అంటే 32,256 బైట్లు. లూప్ మౌంట్‌కు, అంటే ఇమేజ్ ఫైలును డిస్క్‌లా తెరవడానికి, ఎక్కడో చూసిన పాత ఆఫ్‌సెట్‌ను యథాతథంగా వాడితే, రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్ అన్న ఫిర్యాదు వస్తుంది. ఫైల్‌సిస్టమ్ పాడయిందని అప్పుడే కంగారు పడనవసరం లేదు. లోసెటప్‌ను పెద్దబడి పీ, చిన్నబడి ఎఫ్ ఆప్షన్లతో వాడితే పార్టిషన్లు వాటంతట అవే విడివిడిగా కనబడతాయి కనుక ఈ గుణకారాల బాధే ఉండదు. ఆ పైన ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేను చదవడానికి మాత్రమే అనుమతించే మైనస్ ఎన్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే ఫైల్‌సిస్టమ్ సంగతి కూడా తేలుతుంది.

ఇక అందరికీ ఎదురయ్యే దోషం దగ్గరికి వద్దాం. అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ అంటూ కెర్నల్ ప్యానిక్ వచ్చినప్పుడు, అంటే కెర్నల్ ఇక ముందుకు పోలేక ఆగిపోయినప్పుడు, ఆ వాక్యం చివర బ్రాకెట్లలో ఉండే రెండు అంకెలను తప్పక చదవాలి. అవి 0, 0 అయితే మనం చెప్పిన పరికరమే కెర్నల్‌కు దొరకలేదని అర్థం. 8, 1 వంటి అంకెలు ఉంటే పరికరం దొరికింది కానీ అందులోని ఫైల్‌సిస్టమ్‌ను చదవడం కెర్నల్‌కు చేతకాలేదని అర్థం. రెండింటికీ చికిత్సలు వేరు. మొదటి సందర్భంలో, ప్యానిక్‌కు కాస్త పైన కెర్నల్ తనకు కనబడిన పార్టిషన్ల జాబితాను ముద్రిస్తుంది. జాబితాలో డిస్క్‌లే లేకపోతే, డిస్క్ డ్రైవర్ కెర్నల్‌లో లేదన్నమాట: మామూలు ఉబుంటు కెర్నల్ డ్రైవర్లను ఇనిట్‌ర్యామ్‌డిస్క్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్) నుంచి మాడ్యూళ్లుగా తెచ్చుకుంటుంది, ఇక్కడ సాధారణంగా అది ఉండదు కనుక ఐడీఈ లేదా వర్ట్‌ఐఓ డ్రైవర్‌నూ, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌నూ కెర్నల్‌లోనే కలిపి బిల్డ్ చేయాలి. ఎస్‌డీఏ అనే డిస్క్ ఉండి ఎస్‌డీఏ1 లేకపోతే, పైన చెప్పిన ఫార్మాట్ పొరపాటో పార్టిషన్ పట్టిక దోషమో అని తెలుసుకోవాలి. ఎస్‌డీఏ1 చక్కగా ఉన్నా మన కమాండ్‌లైన్‌లో రూట్ విలువ హెచ్‌డీఏ1 అని ఉంటే, పాత స్క్రిప్టును కొత్త కెర్నల్‌తో వాడుతున్నామని గ్రహించాలి. పాత ఐడీఈ డ్రైవర్లు పెట్టిన హెచ్‌డీఏ అన్న పేరు వాటితోపాటే పోయింది. ఆ డ్రైవర్లను 2021లో వచ్చిన 5.14 కెర్నల్ నుంచి పూర్తిగా తీసేశారు. వర్ట్‌ఐఓ డిస్క్ అయితే పేరు వీడీఏ1 అవుతుంది. సర్వర్ ఇన్‌స్టాలర్‌తో చేసిన ఇమేజ్‌లలో మొదటి పార్టిషన్ బూట్‌లోడర్ కోసం కేటాయించిన చిన్న ముక్క, అసలు రూట్ రెండోది అయి ఉండవచ్చు.

రెండో సందర్భంలో కెర్నల్‌కూ ఇమేజ్‌కూ మధ్య వయసు తేడాను అనుమానించాలి. ఈఎక్స్‌టీ4 స్థిరమైన రూపంలో లినక్స్‌లోకి వచ్చింది 2008 చివరన, 2.6.28తో, అంతకు ముందటి కెర్నల్‌కు ఈఎక్స్‌టీ4 ఇమేజ్ ఇస్తే అది చదవలేదు. అంత పాతది కాకపోయినా, అన్‌సపోర్టెడ్ ఆప్షనల్ ఫీచర్స్ అని చెప్పి పక్కన 400 చూపిస్తే, అది మెటాడేటా చెక్‌సమ్ అనే సదుపాయానికి గుర్తు. ఫైల్‌సిస్టమ్‌ను తయారుచేసే ఎంకేఎఫ్‌ఎస్ కమాండ్ కొత్త వెర్షన్ దానిని అడగకుండానే పెడుతుంది. ఇమేజ్ చేసేటప్పుడే దానిని ఆపివేయాలి, లేదా కొత్త కెర్నల్ వాడాలి.

రూట్ మౌంట్ అయిన తరువాత, కెర్నల్ మొట్టమొదట నడిపే ఇనిట్ ప్రోగ్రామ్ దగ్గర ఆగితే కూడా సంఖ్యే దారి చూపుతుంది. ఇనిట్‌ను నడపలేకపోయానంటూ ఎర్రర్ మైనస్ 8 వస్తే, ఇమేజ్ ఒక ఆర్కిటెక్చర్‌ది, కెర్నల్ మరొక ఆర్కిటెక్చర్‌ది. ఇనిట్ చనిపోయి ఎగ్జిట్‌కోడ్ చివర 4 ఉంటే, చెల్లని ఇన్‌స్ట్రక్షన్ తగిలిందన్నమాట: సిమ్యులేటర్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్లతో ఆ ప్రోగ్రామ్ కంపైల్ అయి ఉంటుంది.

వీటిలో చాలావాటిని చూడటానికి, వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎమ్‌యూ మంచి పరీక్షశాల. అదే కెర్నల్ బిల్డ్‌లో తయారైన బీజెడ్‌ఇమేజ్‌నూ (కంప్రెస్ చేసిన కెర్నల్ ఫైలు), అదే డిస్క్‌నూ, అదే కమాండ్‌లైన్‌నూ ఇచ్చి, ఇమేజ్ మారిపోకుండా స్నాప్‌షాట్ ఆప్షన్ కూడా పెట్టి నడిపితే కొద్ది నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అక్కడ, ఇమేజ్ లోపలి నుంచి సిమ్యులేటర్‌తో మాట్లాడే ఎమ్5 కమాండ్ విఫలమైతే మాత్రం పట్టించుకోవద్దు. అది జెమ్5కు మాత్రమే అర్థమయ్యే సంకేతాలను పంపుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పాత సిమ్యులేటర్ పేరు ఆ కమాండ్‌లో ఇంకా బతికే ఉంది.

క్యూఈఎమ్‌యూలో ఇట్టే బూట్ అయిన ఇమేజ్ జెమ్5లో స్తంభించిపోయినట్లు కనబడితే, అది నిజంగా ఆగిందా, వేచి ఉందా అన్నది చూడాలి. మౌంట్ చేయాల్సిన పార్టిషన్ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఇప్పుడు లేని స్వాప్ పార్టిషన్ గురించి ఒక్క వరుస మిగిలిపోయినా, సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ దాని కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది. నెట్‌వర్క్ కోసం వేచి ఉండే సర్వీసుకు 120 సెకన్ల గడువు ఉంది. మామూలు యంత్రంలో ఇది చిరాకు మాత్రమే. సిమ్యులేటర్‌లో ఆ 90 సెకన్లు లోపలి గడియారం ప్రకారం గడవాలి కనుక, వివరమైన సీపీయూ మోడల్‌తో మన గడియారంలో రోజులు పట్టవచ్చు. ఒకసారి నేను రాత్రంతా సిమ్యులేషన్ నడిపి, తెల్లవారి లాగ్ చూస్తే, చివరి వరుసలో స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ అన్న మాటే ఉంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రూట్ తప్ప మిగతావన్నీ తీసేసి, అనవసరమైన సర్వీసులను మాస్క్ చేయడం, అంటే అసలు మొదలవకుండా ఆపడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. టెర్మినల్‌లో అసలేమీ కనబడకపోతే, కన్సోల్ విలువ చూడాలి: ఎక్స్86కు టీటీవైఎస్0, ఆర్మ్‌కు టీటీవైఏఎమ్‌ఏ0. అవుట్‌పుట్ ఎమ్5అవుట్ డైరెక్టరీలోని టెర్మినల్ ఫైలులో కూడా పడుతుంది.

చివరిగా, దోషంలా కనబడని రెండు దోషాలు. సాధారణ కాన్ఫిగరేషన్లలో జెమ్5 ఇమేజ్‌ను రాతకు తెరవదు; లోపలి ప్రోగ్రామ్ చేసిన రాతలన్నీ కాపీ ఆన్ రైట్ పొరలో, అంటే మెమరీలోనే ఉండి సిమ్యులేషన్‌తోపాటే పోతాయి. ఫలితాల ఫైలు కోసం తరువాత ఇమేజ్‌ను మౌంట్ చేసి వెతికితే దొరకదు. ఎమ్5 రైట్‌ఫైల్‌తో దానిని బయటికి పంపాలి. సిమ్యులేషన్ స్థితిని దాచి తరువాత అక్కడి నుంచే కొనసాగించడానికి తీసే చెక్‌పాయింట్ విషయం ఇంకా సున్నితం. డిస్క్ వరకు చూస్తే చెక్‌పాయింట్‌లో ఆ మెమరీ పొర మాత్రమే భద్రమవుతుంది, కింది ఇమేజ్ కాదు. చెక్‌పాయింట్ తీసిన తరువాత ఇమేజ్‌ను మౌంట్ చేసి ఒక్క ఫైలు మార్చినా, తిరిగి లేచిన కెర్నల్ తన జ్ఞాపకంలోని పాత ఇనోడ్‌లకూ (ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే నమోదులకూ) డిస్క్ మీది కొత్త బ్లాక్‌లకూ మధ్య చిక్కుకుంటుంది. వచ్చే ఎర్రర్ ఏ లైబ్రరీ మీదనో పడుతుంది, అసలు కారణం ఎక్కడా కనబడదు. అందుకే చెక్‌పాయింట్ తీసిన రోజునే ఇమేజ్ ఫైలు అనుమతులను చదవడానికి మాత్రమే అని మార్చి, ఫైలు మారిందో లేదో తేల్చే దాని ఎండీ5 సంఖ్యను చెక్‌పాయింట్ డైరెక్టరీలో ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా ఉంచాలి. మార్పులు చేయాల్సి వస్తే ఇమేజ్‌కు కాపీ తీసుకుని, అందులో మార్చి, అన్‌మౌంట్ చేసి, లూప్ పరికరాన్ని విడుదల చేసి, ఆ కొత్త ఇమేజ్‌తో మళ్లీ బూట్ చేసి కొత్త చెక్‌పాయింట్ తీసుకోవాలి.